మంచం దిగనివ్వండి!

ఇంటాయనకు గుండెపోటు వచ్చి, గండం గడిచి ఇంటికొచ్చారనుకోండి. మనం మొట్టమొదట చేసే పనేమిటి? గాలి తగిలే చోట మంచం వేసి పడుకోబెట్టడం. మంచినీళ్ళు కూడా చేతికందించడం. చెప్పులు తొడుక్కుంటే "ఎక్కడికండీ?" అని ఎదురెళ్ళి నిలబడడం. అదంతా ప్రేమే, కాదనను. కానీ సోదరీమణులారా, ఆ ప్రేమే మనిషిని మెల్లగా మూలన కూర్చోబెడుతుంది. గుండెపోటు తర్వాత నడక అనేది ఓపికొచ్చాక చేసుకునే సరదా కాదు. మాత్రల్లాగే అదీ వైద్యంలో భాగమే.

ఒకప్పుడు డాక్టర్లు కూడా మంచం దిగొద్దనేవారు. ఆరేసి వారాలు పడుకోబెట్టేవారు. 1952లో అమెరికాలోని బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు ఇలాంటి రోగుల్ని తొందరగా లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. హాని జరగలేదు సరికదా, వాళ్ళు బాగా కోలుకున్నారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు, పాల్ డడ్లీ వైట్ అనే పేరున్న గుండె డాక్టరు ఆయన్ని క్రమంగా లేపి తిరగనిచ్చారు. 1956 ఎన్నికల్లో ఆయన మళ్ళీ నిలబడి నెగ్గారు కూడా. ఇప్పుడైతే చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రి వరండాలో నడిపిస్తున్నారు.

పడుకునే ఉంటే ఏమవుతుందంటారా? కాళ్ళ కండలు కరిగిపోతాయి. కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రేపటినాడు బాత్‌రూముకి వెళ్ళొచ్చినా ఆయాసమొస్తుంది. అది చూసి మనం ఇంకా భయపడి ఇంకా పడుకోబెడతాం. అదే నడక అలవాటైతే కండలు బలపడి, అదే పనిని గుండె తక్కువ శ్రమతో చేయగలుగుతుంది. బీపీ, షుగరు అదుపులోకి వస్తాయి. "నా పనైపోయింది" అన్న దిగులు కూడా తగ్గుతుంది.

మావారికి స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ చేతిలో పెట్టారు గానీ, నడక సంగతి ఎవరూ ఎత్తలేదు. వారం తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నేనే ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళాను. మా అత్తగారు "వాణ్ణి నడిపించకే తల్లీ, ఆయాసమొస్తుంది" అని ఒకటే గోల. అందుకని ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్ళి, డాక్టరు నోటితోనే చెప్పించాను. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మీరూ ఈ పని చేయండి. మనం చెబితే వాదన, డాక్టరు చెబితే వేదం!

డాక్టర్ని అడగాల్సినవి ఇవి. ఎకోలో గుండె పంపింగ్ ఎంత ఉంది? రోజుకి ఎంతసేపు నడవచ్చు? మెట్లు ఎప్పుడెక్కాలి? బరువు ఎప్పుడెత్తాలి? స్కూటరు ఎప్పుడు నడపాలి? పంపింగ్ బాగా తగ్గినవాళ్ళకి, బైపాస్ అయినవాళ్ళకి లెక్క వేరుగా ఉంటుంది. బైపాస్‌లో కోసిన రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా చేతులు ఊని లేవడం, బరువులెత్తడం పనికిరాదు.

ఎంత నడవాలి?

డాక్టరు సరేనన్నాక మామూలుగా అయితే ఇలా ఉంటుంది. మొదటి వారం ఇంట్లోనో వరండాలోనో ఒక్కోసారి 5 నిమిషాల చొప్పున, రోజుకి రెండు మూడుసార్లు. తర్వాత ఒంటికి సరిపడేదాన్నిబట్టి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలకల్లా చాలామంది రోజుకి 30 నిమిషాలకు వస్తారు. ఆ తర్వాత వారానికి మొత్తం 150 నిమిషాలు నడిస్తే మంచిది. దెబ్బతిన్న గుండె కండ మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి, ఈలోగా పరుగులూ పందేలూ వద్దు.

మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. వేగంగా నడుస్తూ టక్కున ఆగిపోతే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. భోంచేసిన వెంటనే వద్దు, కనీసం గంటన్నర ఆగాలి. మనవైపు ఎండలు తెలిసినవేగా! పొద్దున్నో సాయంత్రం చల్లబడ్డాకో, చదునుగా ఉన్న దారిలో నడవాలి. నడిచొచ్చిన వెంటనే వేడినీళ్ళ స్నానం కూడా వద్దు.

ఎంత వేగమన్నది తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. మీరు పక్కన నడుస్తూ కబుర్లు చెప్పండి. ఆయన మాటకు మాట చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించాలి. తీరిగ్గా పాట పాడగలుగుతుంటే ఇంకాస్త పెంచవచ్చు. నాడి లెక్క మాత్రం నమ్ముకోవద్దు. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఎంత శ్రమపడ్డా నాడి పెద్దగా పెరగదు.

ఎప్పుడు ఆగాలి?

గుండెల్లో బరువు, నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లని చెమట, కళ్ళు తిరగడం, గుండె దడదడలాడడం... వీటిలో ఏది కనబడినా "ఆ మలుపు దాకా వెళ్దాం" అనుకోకుండా అక్కడే కూర్చోబెట్టాలి. డాక్టరు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే, కూర్చున్నాకే పెట్టాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి పడిపోవచ్చు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. స్కూటరు మీద కూర్చోబెట్టుకుని పరుగెత్తవద్దు. కాళ్ళు వాచినా, రెండు మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా డాక్టరుకి చూపించాలి. జ్వరమొచ్చినరోజు నడక మానేయాలి.

ఇంకొక్క మాట. పైకి అడగలేక లోపల మథనపడే విషయం ఇది. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు. సిగ్గుపడకుండా డాక్టర్ని అడగండి. బజారులో దొరికే ఉత్తేజం మాత్రలు మాత్రం సొంతంగా వాడకూడదు. నాలుక కింద మాత్రతో అవి కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది.

గుండెపోటు మనకే వస్తే?

ఇంతసేపూ ఆయన గురించే చెప్పుకున్నాం. మనకు రాదా? వస్తుంది. పైగా మనలో కొందరికి నొప్పికన్నా ఆయాసం, నీరసం, వికారం, వెన్నునొప్పిగా వస్తుంది. ఇంటికొచ్చిన నాలుగో రోజునుంచే వంటింట్లో నిలబడతాం. "ఇంటిపని చేస్తున్నాగా, వేరే నడకెందుకు?" అంటాం. అదీ ఇదీ ఒకటి కాదు. ఇంటిపని ఆగి ఆగి సాగుతుంది. అందులోనూ చేతులతో చేసే పని గుండెకు నడకకన్నా ఎక్కువ భారం. బట్టలు ఉతికి పిండడం, బూజు దులపడం, ఎత్తున ఉన్న తీగ మీద ఆరేయడం అన్నీ అలాంటివే. నిండు బకెట్టు 15 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు 30 కిలోల దాకా ఉంటుంది. ఊపిరి బిగబట్టి వాటిని ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆ పనులు కొన్ని వారాలు ఇంట్లోవాళ్ళకి అప్పగించి, ఆ అరగంట మీ నడకకు ఉంచుకోండి. పిల్లలకి టిఫిను ఆలస్యమైతే కొంపలేం మునగవు. మీ గుండె కోలుకోకపోతే మునుగుతాయి.

మందుల డబ్బా దగ్గర గోడకి కాలెండరు తగిలించి, ఏ రోజు ఎన్ని నిమిషాలు నడిచారో ఆ తేదీ గడిలో రాయండి. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి చూపించండి. మావారి కాలెండరులో 5తో మొదలైన అంకె ఏడో వారానికి 35 అయింది. ఇప్పుడు పాలప్యాకెట్టుకి ఆయనే వెళ్ళొస్తున్నారు.

వచ్చేవారం, ఉప్పు తగ్గించినా రుచి తగ్గని పప్పు, పులుసుల గురించి చెప్పుకుందాం.