గాలపు కర్ర కొనేముందు మోచేతిని సంప్రదించండి

ట్రౌట్ చేపల వేటకై న్యూజిలాండ్‌లోని టౌపో సరస్సు వంటి చోటికి విహారయాత్ర తలపెట్టిన పాఠకులారా! స్పిన్నింగ్ రాడ్ ఎంపికలో ధర కంటె మీ మోచేయి ముఖ్యమని నా అభిప్రాయం.

గాలం విసరడమంటే ఒకే కదలికను దినమంతా వందలసార్లు చేయడం. మోచేతి వెలుపలి ఎముకకు అంటిపెట్టుకొన్న కండర బంధనాలు దానివలన అలసిపోతాయి. టెన్నిస్ ఎల్బో అనబడే బాధ టెన్నిస్ ఎరుగనివారికీ కలుగుతుంది. కనుక రీలు బిగించి, పిడి పట్టుకొని చూడండి. కర్ర మొన క్రిందికి వాలుతూ ఉంటే ఆ భారం మణికట్టు మోయవలసిందే.

నాలుగు ముక్కలుగా విడివడే ఏడడుగుల కార్బన్ రాడ్ నా దృష్టిలో ఉత్తమం. ఒక్కొక్క ముక్క 60 సెంటీమీటర్లకు లోపే ఉండి పెద్ద పెట్టెలో ఇముడుతుంది. టెలిస్కోపిక్ రాడ్ ఇంకా పొట్టిగా ముడుచుకొన్నా, సాధారణంగా దాని వంపు అంత సాఫీగా ఉండదు.

ఒక హెచ్చరిక: కార్బన్ విద్యుద్వాహకం. విద్యుత్ తీగల సమీపంలో గాలం విసరరాదు. ఉరుము వినబడిన తక్షణమే రాడ్‌ను విడిచి, భవనంలోకో కారులోకో చేరండి.

వాడిన సామగ్రిని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, విమానాశ్రయంలో తప్పక ప్రకటించండి. 2004లో ఆ దేశపు దక్షిణ ద్వీపంలో బయటపడిన డిడిమో అనే శైవలం తడి పరికరాలను ఆశ్రయించి ఒక నది నుండి మరొక నదికి చేరగలదు. చేతులు కడుక్కొనుట రోగికి ఎంత అవసరమో, నదికి ఈ శుభ్రత అంత అవసరం.