అది చిన్నచూపు కాదు

సంపాదకులకు,

గత సంచికలో ‘బస్సులో అవమానం’ లేఖ చదివి మనసుకు కష్టం కలిగింది. కండక్టర్ పదిమందిలో లేఖకుడి తల్లిని ఆధార్ అడిగాడనీ, ఆమె తడుముకుంటుంటే తానే సంచిలోంచి తీశాడనీ, ఉచిత ప్రయాణమంటే అంత లోకువా అనీ లేఖకుడి ఆవేదన.

మా ఆవిడ కూడా కండక్టరే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. డబ్బు కట్టనవసరం లేకున్నా, కార్డు చూసి ప్రతి మహిళకూ జీరో టికెట్ కొట్టాల్సిందే. ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించేది ఆ టికెట్ల లెక్కనే. తనిఖీలో టికెట్ లేకుంటే ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది కండక్టరే. నిలబడే చోటు కూడా లేని పల్లెవెలుగులో, తర్వాతి స్టాపు వచ్చేలోపు అందరికీ టికెట్లు ఇవ్వాలి. అంత ఒత్తిడిలోనూ ఒక ముసలమ్మ దగ్గర ఆగి, కార్డు వెతికిపెట్టాడంటే అది ఆదరణ కాక మరేమిటి? సంచి ముట్టుకునే ముందు ‘తీయనా అమ్మా’ అని అడిగి ఉండాల్సింది, నిజమే. కానీ కండక్టర్లు పట్టించుకోకపోతే పొగరంటారు, చెయ్యందిస్తే అతి చొరవంటారు. ఇలాంటి ఒక్క ఫిర్యాదుతో మా ఆవిడ వృద్ధులకు చెయ్యందించడానికే జంకిన రోజులున్నాయి.

లేఖకుడికి నా విన్నపం ఒక్కటే: డిపోలో ఫిర్యాదు ఇచ్చి ఉంటే, ఆ రోజు ఏం జరిగిందో ముందు మీ అమ్మగారినే అడగండి.

– ఒక కండక్టర్ భర్త, కరీంనగర్