ఉప్పుపై మక్కువ – రైతు గృహములు

ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయవలసిన సంఘపు పత్రికలో ఉప్పును గూర్చిన వ్యాసమేమని సభ్యులలో కొందరు అడుగవచ్చును. పంటమీద ఋణము తీసికొన్న రైతు మిరప కోతల దినములలో పక్షవాతముతో మంచము పట్టినచో ఆ సంసారము పడు పాట్లు సంఘములోని వారికి వేరుగ చెప్పనక్కరలేదు. పక్షవాతమును దెచ్చు కారణములలో ముఖ్యమైనది రక్తపు పోటు. ఆ పోటును పెంచు వానిలో వయస్సు, వంశము మన చేతిలోనివి కావు. ఉప్పు మన చేతిలోనిది.

ఉప్పుపై మనుష్యునకు ఇంత మక్కువ యేల కలుగవలెను? పశువులను మేపు రైతునకు ఈ సంగతి కొంత తెలిసినదే. గడ్డి తిను ఎద్దు ఉప్పు తగిలిన గోడను నాకును. తవుడులో గుప్పెడు ఉప్పు కలిపినచో తొట్టి అడుగంట తినును. గడ్డిలోను, గింజలలోను, కాయగూరలలోను సోడియము అను లవణాంశము బహు స్వల్పము. అది లేనిదే రక్తములో నీరు నిలువదు, నరములు పనిచేయవు. కావున దానిని వెదకి తిను గుణమును ప్రకృతి నాలుకకే యిచ్చినది. ఉప్పు దొరకని కాలమున ఆ గుణము ప్రాణములను కాపాడినది. కాలము మారినది గాని నాలుక మారలేదు.

1930 లో దేవరంపాడు శిబిరమునుండి మన ప్రాంతమువారు ఉప్పుచట్టమును ధిక్కరించిరి. పేదవాని కూటిలోని ఉప్పుపై పన్ను వేయుట అన్యాయమని వారి వాదము. అది ధర్మమైన వాదమే. 1947 లో ఆ పన్ను రద్దయినది. నేడు చినగంజాము తీరమున ఉప్పుమళ్ళు కంటి యెదుటనే యున్నవి. కిలో పొట్లము ప్రతి పల్లె అంగడిలోను దొరకుచున్నది. చౌకయగుటచే దానిని కొలిచి వేయువారు లేకపోయిరి. పప్పును, నూనెను లెక్కించు గృహిణి కూడ ఉప్పును లెక్కింపదు.

లెక్కించి చూతము. పెద్దవానికి దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో ప్రకటించిన ఆహార నియమములలోను మితి ఇదియే. తలగొట్టిన చిన్న చెంచాకు ఇంచుమించు ఇంతయే పట్టును. అయిదుగురు పెద్దలున్న ఇంటికి నెలకు ముప్పాతిక కిలో చాలును. ఊరగాయలకు పోయునది, అంగడి తినుబండారములలో వచ్చునది కూడ ఇందులోనిదే. మన యింట నెలకెన్ని పొట్లములు ఖర్చగుచున్నవో వాకిటి దుకాణము చిట్టా చూచినచో తెలిసిపోవును.

“మేము పట్టణపు వారివలె నీడపట్టున కూర్చుండువారము కాము, ఎండలో చెమటోడ్చువారము, మాకు ఉప్పెక్కువ కావలదా” యని రైతులు చెప్పుదురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. చెమటతో ఉప్పు పోవుట నిజమే. అయితే ఎండకు అలవాటుపడిన దేహము వారము పదిదినములలో చెమటలోని ఉప్పును తగ్గించుకొనును. మూత్రపిండములును పొదుపు చేయును. మామూలు భోజనములో ఉప్పు తినుచున్న వానికి మిగిలిన లోటు ఆ భోజనముతోనే తీరును. నడివేసవిలో రోజంతయు బరువుపని చేయునపుడు చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. వాంతులు, విరేచనములు పట్టినపుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన అరచెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార కలిపి త్రాగింపవలెను. ఇవి అవసరములు. సాయంకాలము ఇంటికి వచ్చి నెమ్మదిగా కూర్చున్న పిమ్మట పెరుగన్నములో మరల ఉప్పు కలుపుకొనుట అవసరము కాదు, అలవాటు. ఎంత తినినను తీరని ఉప్పు కోరికతో పాటు నీరసము, తల తిరుగుట, దేహము నల్లబడుట కూడ నున్నచో అది వేరు జబ్బు కావచ్చును. అట్టివారు వైద్యునికి చూపుకొనవలెను.

ఇక మన మిరపకాయ మాట. గుంటూరు కారమునకు పోటును అంటగట్టువారు పెక్కుమంది కలరు. 2017 లో చైనా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో కారముపై ఇష్టము గలవారు ఉప్పును తక్కువగా తినుచున్నారనియు, వారికి పోటు తక్కువగా నున్నదనియు తేలినది. కారము నాలుకను మేలుకొలుపుటచే కొంచెము ఉప్పే ఎక్కువగా తోచునని వారి భావము. మిరప పండించు మనకిది సంతోషకరమైన వార్తయే. కాని ఎచ్చట చిక్కు వచ్చుచున్నదనగా, మన యిండ్లలో కారము ఒంటరిగా కంచములోనికి రాదు. పండుమిరప పచ్చడిలోను, ఆవకాయలోను, చల్ల మిరపకాయలలోను అది ఉప్పును వెంటబెట్టుకొని వచ్చును. కారమునకు అన్నము, అన్నమునకు మరికొంత పచ్చడి. కారము చేయు మేలును జాడీ చెరచుచున్నది.

జాడీలో ఉప్పు తగ్గింతమన్న సాగదు. ముక్కలోని నీటిని లాగి బూజు రాకుండ ఆపునది ఉప్పే; తగ్గించిన ఊరగాయ ఏడాది నిలువదు. తగ్గింపవలసినది కంచములో పడు మోతాదు. మొదటి ముద్దకు ఊరగాయ, మిగిలినదానికి పప్పు, కూర. అప్పటికప్పుడు నూరిన దోసకాయ, బీరకాయ, గోంగూర రోటిపచ్చళ్ళు నిలువ ఉండనక్కరలేదు గనుక వానిలో ఉప్పు సగము చాలును. చింతపండు, నిమ్మ, మామిడి పులుపులు ఉప్పు లోటును కప్పివేయును. విస్తరి మూలను ఉప్పు వడ్డించు ఆచారమును పండుగలకు పరిమితము చేసిన నష్టము లేదు. ఒక్కసారిగా తగ్గించినచో ఇంటిల్లపాదియు గృహిణిపై విసుగుకొందురు, పాపమామె మానుకొనును. వారమున కొక చిటికెడు చొప్పున తగ్గించినచో ఎవరును గుర్తింపరు. రెండు మూడు నెలలకు నాలుక కొత్త కొలతకు అలవడి, పాత వంట చేదుగా తోచును. సైంధవ లవణము, కల్లుప్పు మంచివను ప్రచారమును నమ్మరాదు. అవియు సోడియపు ఉప్పులే, పైగా సాధారణముగ అయోడిను కలుపనివి.

సోడియమును కొంత తగ్గించి పొటాసియము కలిపిన ఉప్పు ఇప్పుడు అమ్ముచున్నారు. చైనాలో 600 గ్రామములలో అట్టి ఉప్పును వాడించి చూడగా పక్షవాతములు తగ్గినట్లు 2021 లో ప్రకటించిరి. మూత్రపిండముల జబ్బు గలవారును, కొన్ని విధముల పోటు మాత్రలు వాడువారును వైద్యుని అడుగక దానిని ముట్టరాదు.

ఇంతవరకు చెప్పినది కూర వండుకొనగల యిండ్లవారికి. కర్నూలు మొదలగు ప్రాంతములనుండి మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చు కూలీల సంగతి వేరు. చేలో మధ్యాహ్నము వారు విప్పు మూటలో అన్నము, పచ్చడి తప్ప మరేమున్నది? కూర లేనిచోట ఉప్పే కూర. వారికి ఉప్పు తగ్గింపుడని ఉపన్యసించుట క్రూరత్వమని మా అభిప్రాయము. కోతలు పెట్టించుకొను రైతు కళ్ళము దగ్గర ఒక కుండ మజ్జిగ, ఒక గిన్నె చప్పని పప్పు ఏర్పాటు చేసినచో పచ్చడి తనంతట తాను వెనుకకు పోవును. ఖర్చు లేకపోలేదు. కూలీ దొరకని సంవత్సరములలో ఇట్టి మర్యాదగల చేనికి ముఠాలు ముందు వచ్చునను లెక్కయు వేసికొనవలెను.

రైతుల యిండ్లలోను ఈ కొరత లేకపోలేదు. నల్లరేగడిలో జొన్న, సజ్జ, అనుము, అలసంద కలిసి పండిన చేలు నేడు గట్టునుండి గట్టువరకు పత్తియో మిరపయో అయినవి. కూరగాయ సంతనుండి రావలెను. సంత వారమున కొకసారి. నడుమ దినములలో జాడీ మూత తెరుచుకొనుచున్నది. మన మక్కువకు సగము కారణము నాలుక కాదు, చేని పొందిక.

కాబట్టి వచ్చు ఖరీఫునకు పత్తి విత్తనములతో పాటు బెండ, గోరుచిక్కుడు, అలసంద, తోటకూర విత్తనపు పొట్లములను సంఘపు గిడ్డంగిలో నుంచుటకు పాలకవర్గమువారు తీర్మానింపవలెనని కోరుచున్నాము. మందులు చల్లు చేలలో గాక, ఇంటి దొడ్డిలో రెండు మళ్ళు చాలును. సర్వసభ్య సమావేశము నాడు ఆరోగ్య కేంద్రపు నర్సును పిలిపించి, ముప్పది యేండ్లు దాటిన సభ్యులకును, వారి ఇల్లాండ్రకును రక్తపు పోటు చూపింపవచ్చును. పోటు 140/90 కి చేరినను పెక్కుమందికి ఏ బాధయు తెలియదు. సమావేశమునకు ఎటులను వత్తురు గనుక ఆ పరీక్షకు పట్టునది అయిదు నిమిషములే. మధ్యాహ్న భోజనమునకు ఊరగాయ వడ్డింపవలదని మేము చెప్పము. చెంచాతో వడ్డింపవలెనని మాత్రము వంటవారికి చెప్పుదుము.