మా వాడి స్పోరన్ చిన్నదెందుకు?

పోయిన నెల మా చిన్నవాడి పెళ్ళి ఫోటోలు ఇక్కడ పెట్టినప్పుడు ఆశీర్వదించిన పెద్దలకు, చిన్నలకు చేతులెత్తి దండం. ఆ ఫోటోల కింద ఒక మాట వచ్చింది. అక్కడే బదులు రాద్దామని మొదలుపెడితే పొడవైపోయింది, అందుకని వేరుగా పెడుతున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. నేను బడిలో చదివింది అరవం, తెలుగు రాయడం రైల్వేలో రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించాలి.

పెళ్ళి రెండుసార్లు జరిగిందని మీకు తెలుసు. ఇక్కడ మన పద్ధతిలో తాళి కట్టించాము, తరువాత ఎడింబరోలో పిల్ల తరపు వాళ్ళ పద్ధతిలో ఇంకోసారి. అక్కడ మా వాడు కిల్ట్ కట్టుకున్నాడు. నడుము కింద ముందువైపు తోలు సంచి ఒకటి వేలాడుతుంది చూశారు కదా, దానికి స్పోరన్ అని పేరు. "ఆడవాళ్ళ పర్సు ఎందుకు తగిలించుకున్నాడు?" అని ఒకరు నవ్వారు. అది వేళాకోళం, నేనూ నవ్వుకున్నాను. కానీ మన పెద్దాయన ఒకరు ఇట్లా రాశారు: "కవాతుల్లో చూశానయ్యా, తెల్లటి గుర్రపు వెంట్రుకలతో మోకాలి దగ్గరిదాకా ఉంటుంది. మీ వాడిది పిల్లల సైజు. వాళ్ళ సంప్రదాయం చేసేటప్పుడు సరిగ్గా చేయవద్దా?" దానికి చాలామంది బొటనవేలు ఎత్తారు. మా వాడూ చూశాడు. వాడి ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. నాది ఇంకో అర అంగుళం తక్కువ. 'సైజు' అనే మాట మా ఇంట్లో ఎట్లా తగులుతుందో పొడగరులకు తెలియదు.

పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన చూసింది నిజమే. కానీ ఆయన చూసింది పట్టాళం వాళ్ళ స్పోరన్. నా వాదన ఒకటే: పొట్టి మనిషికి చిన్న స్పోరన్ అంటే సంప్రదాయంలో కోత వేసినట్టు కాదు. అసలు పాతది చిన్నదే.

కిల్ట్‌కు జేబులుండవు. డబ్బు, తాళంచెవి పెట్టుకోవడానికి సంచి కావాలి. ఆ దేశపు గేలిక్ భాషలో స్పోరన్ అంటే డబ్బుసంచి అనే అర్థం. మొదట్లో అది జింక తోలు తిత్తి, నోటికి వారు వేసి లాగితే మూసుకునేది. మన అవ్వలు నడుముకు దోపుకునే సురుక్కుపై గుర్తుందా, ఆకువక్క, చిల్లర పెట్టుకునేది? అదే పని, అదే వాటం. 18వ శతాబ్దంలో నోటికి ఇత్తడి పట్టీ వచ్చింది. అప్పటికీ అది సంచే, అలంకారం తక్కువ.

మరి మోకాలిదాకా వెంట్రుకలు ఎక్కడివి? 1746లో తిరుగుబాటు అణచిన తరువాత, కొండసీమ మగవాళ్ళు ఆ ఉడుపు వేసుకోకూడదని చట్టం చేశారు. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు. 1782లో చట్టం ఎత్తేసేవరకు ముప్ఫై అయిదేళ్ళు ఆ ఉడుపు బహిరంగంగా బతికింది పట్టాళంలోనే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ అనే రచయిత ఉత్సవం నడిపించి అందరికీ కిల్ట్‌లు కట్టించాడు. తరువాత విక్టోరియా రాణి కాలం. ఆ కాలపు ఫోటోలు చూస్తే సంచి మనిషిని తగిలించుకుందా అనిపిస్తుంది. అంటే గుర్రపు వెంట్రుకల స్పోరన్ సైన్యమూ ఆడంబరమూ కలిసి పెంచినది. బారులో నిలబడ్డ సిపాయిలందరూ దూరం నుంచి ఒక్కటిగా కనబడాలి కాబట్టి అక్కడ అందరికీ ఒకే కొలత. పెళ్ళిలో పెళ్ళికొడుకు ఒక్కడే కదా!

ఇప్పుడు కొలత సంగతి. అక్కడి వాళ్ళు చెప్పే లెక్క నాకు బాగా నచ్చింది. బెల్టు బకిలు కింద, లేదా లోకోటు అంచు కింద, బెత్తెడు జాగా వదిలి స్పోరన్ పైఅంచు రావాలి. నాలుగు వేళ్ళ వెడల్పు. మనకు మూర, జాన, బెత్తెడు ఎట్లాగో వాళ్ళకూ అట్లాగే. పిల్ల మేనమామ మాకు సాయానికి వచ్చాడు, ఆరడుగుల పైన మనిషి. తన చెయ్యి మా వాడి పొట్ట మీద పెట్టి బెత్తెడు కొలిచాడు. ఆ చెయ్యి రొట్టెలు కాల్చే పెనమంత ఉంది. సంచి వెళ్ళి తొడల మధ్యకు జారింది, నడిస్తే టపటపా కొట్టుకుంటోంది. ఆయనే తల అడ్డంగా ఊపి, నీ చెయ్యి పెట్టుకో అన్నాడు మా వాడితో. వాడి చెయ్యి పెడితే సరిగ్గా నిలిచింది. ఎవరి బెత్తెడు వాళ్ళది. పొట్టివాడికి జాగా దానంతట అదే తగ్గుతుంది, లెక్కలోనే ఆ వీలు ఉంది.

అయితే చెయ్యి తగ్గినంత మాత్రాన సంచి తగ్గదు. చిక్కు అక్కడే. అద్దెకు ఇచ్చే అంగడిలో కిల్ట్ నడుము కొలత అడుగుతారు, కోటు కొలత అడుగుతారు, బూటు నంబరు అడుగుతారు. స్పోరన్‌కు ఎవరూ ఏమీ అడగరు. పెట్టెలో పెట్టి ఇచ్చేస్తారు. మాకు మొదట ఇచ్చినది 8 అంగుళాల వెడల్పు, కుచ్చులతో కలిపి 10 అంగుళాల పొడవు. మా వాడికి నడుము నుంచి మోకాలిదాకా కిల్ట్ 21 అంగుళాలు. పైన బెల్టుకు 3, బెత్తెడుకు 3, సంచికి 10 పోతే కింద మిగిలేది 5. ఆరడుగుల మనిషికి కిల్ట్ 24 అంగుళాలుంటే కింద 8 మిగులుతుంది, చూడ్డానికి బాగుంటుంది. వెడల్పు ఇంకా పెద్ద బాధ. ఎదురుగా చూస్తే మా వాడి నడుము 12 అంగుళాలు, అందులో 8 సంచే ఆక్రమించింది. ఇరవై ఏళ్ళు టికెట్ల లెక్క చూసినవాణ్ణి, ఈ తీసివేత నాకు నిమిషం పట్టలేదు. అంగడివాళ్ళకు ఎందుకు తట్టలేదో!

చిన్నది లేదా అని అడిగితే అంగట్లో కుర్రాడు లోపలికి వెళ్ళి పిల్లల పెట్టె తెచ్చాడు. పెట్టె మీద పిల్లవాడి బొమ్మ ఉంది. ఆ కుర్రాడిది చెడు మనసు కాదు. కానీ మా వాడు ముప్ఫై ఏళ్ళవాడు, రేపు పెళ్ళికొడుకు. వాడి ముఖం చూసి, "పద నాయనా, వేరే చోట చూస్తాము" అంటిని. పిల్లల స్పోరన్ పల్చటి తోలు, పెద్దవాడికి తేలికగా ఎగిరిపడుతుంది, అది కూడా సరిపడదు. కావలసింది పెద్దవాళ్ళ పనితనం, చిన్న కొలత. తోలుపని చేసేవాళ్ళు కొలతకు కుట్టి ఇస్తారు. మాకు వ్యవధి లేదు, పాతవి అమ్మే చోట దొరికింది. ఆరున్నర అంగుళాల వెడల్పు, ఏడున్నర పొడవు, నల్ల తోలు, మూడు పొట్టి కుచ్చులు. మీరు ఫోటోలో చూసింది అదే.

పెళ్ళికి బొచ్చు స్పోరన్ కదా వేయాలి అంటారేమో. పగటికి సాదా తోలు, రాత్రి విందుకు వెండిరంగు పట్టీతో బొచ్చు, నడిమిగా సగం తోలు సగం బొచ్చు అని మూడు రకాలున్న మాట వాస్తవం. సీలు బొచ్చు ఒకప్పుడు గొప్ప. 2009లో ఐరోపా చట్టం సీలు సరుకుల వ్యాపారాన్ని కట్టడి చేసింది, ఇప్పుడు కుందేలు బొచ్చు లాంటివి వాడుతున్నారు. కొన్నింటికి నక్క తలో, బ్యాడ్జర్ అనే జంతువు తలో కళ్ళతో సహా ఉంటుంది. మా ఇంటావిడ దాన్ని చూసి, "ఆ ముఖం పెట్టుకుంటే నేను పెళ్ళికి రాను" అనేసింది. పొట్టివాడికి ఆ తలా కూడదు, దట్టమైన బొచ్చూ కూడదు. బొచ్చు సంచిని ఉన్నదానికన్నా లావుగా చూపిస్తుంది. మా పెళ్ళి పగలే, కాబట్టి తోలు సరిపోయింది. రాత్రే అయినా నేను తోలే వేయించేవాణ్ణి. హోదాకన్నా ఒంటికి నప్పడం ముఖ్యమని నా పట్టు.

చిన్న సంచితో ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఇప్పటి ఫోను అందులో పట్టదు. మా వాడు కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. కానీ విందులో ఆట మొదలయ్యాక పొడుగువాళ్ళందరూ ఎగిరే సంచిని తుంటి పక్కకు తిప్పుకుంటుంటే మా వాడు తిప్పుకునే పని లేకుండా ఆడాడు.

నా పెళ్ళి నాడు మామగారు గొప్పకోసం పన్నా ఎక్కువ ఉన్న పట్టుపంచె తెచ్చారు. నడుము దగ్గర ఎంత మడిచి దోపినా అంచు కాలికింద పడేది. పీటల దగ్గరికి వెళుతూ తట్టుకుని పురోహితుడి మీద పడితిని. మా వాళ్ళు నలభై ఏళ్ళుగా ఆ కథ చెప్పి నవ్వుతూనే ఉన్నారు. మన సంఘం సామూహిక వివాహాలకు పంచెలు ఒకే పన్నాలో కొంటోంది. వచ్చే ఏడాది కొనేటప్పుడు పొట్టి పన్నావి నాలుగయినా తీసుకోమని కోశాధికారి గారికి మనవి.

మనవడి పట్టా ఉత్సవం గ్లాస్గోలో ఉందని, కిల్ట్ వేసుకోవాలనుకుంటున్నాడని మన సభ్యురాలు ఒకరు ఫోటోల కింద అడిగారు. అమ్మా, అబ్బాయిని బొడ్డు నుంచి మోకాలి చిప్ప నడిమిదాకా కొలిచి పంపమనండి, అరచెయ్యి వెడల్పు కూడా. మా వాడి స్పోరన్ బీరువాలో ఊరికే ఉంది. గొలుసుకు చివర తోలు పట్టీ, దానికి రంధ్రాలు ఉన్నాయి, బిగించుకోవచ్చు. సరిపోతే పోస్టులో పంపిస్తాడు.