అప్పు చేసి చదివింపులా?

మాఘమాసం వస్తే శుభలేఖలు వరుస కడతాయి. వట్టి చేతులతో ఎలా వెళ్తామని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ స్టీలు సామాను కొంటాం. గిన్నెలు వాళ్ల అటకెక్కుతాయి, అప్పు మన నెత్తికెక్కుతుంది.

రైతు సోదరులారా! మన ఇంట్లో ఏం తక్కువని? తిరగట్లో విసిరిన కందిపప్పు రెండు కిలోలు, ఇంట్లో దంచిన పసుపు ఇవ్వండి. కొత్త కాపురానికి అంతకంటే అక్కరకొచ్చేవేముంటాయి?

వేరు కాపురం పెట్టిన చెల్లెలికి నాటు బీర, ఆనప గింజలివ్వండి. కాయను తీగ మీదే ఎండనిచ్చి గింజ తీయాలి. నీడన బాగా ఆరబెట్టి, పొయ్యి బూడిద కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచాలి. హైబ్రిడ్ కాయల గింజలు మాత్రం వద్దు, వాటి పంట తల్లిమొక్కలా రాదు. మూడడుగుల మునగ కొమ్మ ఇచ్చినా చాలు, పెరట్లో నాటుకుంటే ఏళ్ల తరబడి కూరకు లోటుండదు.

నలుగురూ నవ్వుతారంటారా? చదివింపుల పుస్తకంలో రాసింది రేపు వాళ్లూ తిరిగి పెట్టాల్సిందే కదా! మన స్టీలు బిందె వాళ్లకూ అప్పే. ఎవరో ఒకరు ఆపాలి. ఆ ఒకరు మీరే ఎందుకు కాకూడదు?