బల్ల మీది విద్య, అరచేతి వృత్తి

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో దుకాణాలు మూతపడిన వేళ, వాటి ముందరి కాలిబాటపై పాత పుస్తకాల సంత సాగుతుంది. ఆ పోగులలో ‘విజువల్ బేసిక్ 6’ నేర్పే లావుపాటి గ్రంథాలు అప్పుడప్పుడు కంటబడతాయి. 1998లో వెలువడిన ఆ సాధనాన్ని అభ్యసించి ఎందరో యువకులు దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు, పాఠశాలలకు ఫీజుల ప్రోగ్రాములు వ్రాసి జీవనోపాధి పొందారు. 2008 ఏప్రిల్‌లో ఆ ప్రోగ్రాములు వ్రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ సంస్థ తన మద్దతును విరమించింది. ఆ సంవత్సరమే ఆండ్రాయిడ్‌తో నడిచే తొలి ఫోను అమ్మకానికి వచ్చింది.

‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నారు పెద్దలు. నేర్చినదంతా వ్యర్థమైపోయిందని నిస్పృహ చెందేవారు కొందరు. రెండు నెలల శిక్షణతో యాప్‌లు వ్రాసి, ఎవరి కొలువూ చేయక స్వతంత్రంగా గడించవచ్చునని భ్రమపడేవారు మరికొందరు. ఈ ఇరువురూ పొరబడుతున్నారని నా అభిప్రాయం.

పాత విద్యలో పోయినది కొంత, నిలిచినది ఎక్కువ. సమస్యను భాగాలుగా విడదీయుట, వివరాలను పట్టికలలో పొందికగా అమర్చుట ఎక్కడైనా ఒక్కటే. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోను ఎస్‌క్యూలైట్ అనే పట్టికల భాండారమున్నది. బల్ల మీది కంప్యూటర్‌లో పట్టికలు అల్లిన చేయి అక్కడ తడబడదు. మారినదల్లా పరిసరం. బల్ల మీది యంత్రం కదలదు. దాని తెర పెద్దది. ఫోను అట్లు కాదు. మధ్యలో పిలుపు వస్తుంది, నెట్‌వర్కు తెగిపోతుంది, జ్ఞాపకశక్తి చాలనప్పుడు ఆండ్రాయిడే మన యాప్‌ను మూసివేస్తుంది. కావున ఏ క్షణాన పని ఆగినా వాడుకరి వ్రాసినది చెదరకుండునట్లు ముందే ఆలోచించాలి. ఇది రెండు నెలలలో అబ్బే గుణం కాదు.

ఇక స్వతంత్ర వృత్తి మాట. మా పూర్వ విద్యార్థి ఒకరు నాంపల్లిలో చిన్న గది తీసుకుని ఈ పని ఆరంభించారు. ఒక వ్యాపారి కోరిన యాప్‌ను నోటిమాట మీద ఒప్పుకున్నారు. పని సగమైన పిదప కోరికలు పెరిగాయి. చివరి వాయిదా సొమ్ము నేటికీ అందలేదు. అడుగుటకు చేతిలో కాగితం లేదు. నైపుణ్యం కొరవడక, ఒప్పందం కొరవడి ఆ యువకుడు నష్టపోయాడు. చేయవలసిన పని ఏది, మార్పులు ఎన్నిసార్లు, సొమ్ము ఎన్ని వాయిదాలలో, ప్రోగ్రాము మూలప్రతి ఎవరిది అనే నాలుగు సంగతులూ వ్రాతలో ఉండాలి. ఐదవది కూడా కలదు. పాత బిల్లుల ప్రోగ్రాము ఒకసారి అమర్చితే పదేండ్లు నడిచేది. యాప్‌ను అట్లు వదలివేయుటకు వీలులేదు. ఆండ్రాయిడ్ కొత్త రూపాలకు తగినట్లు సవరించకున్న కొంతకాలానికి కొత్త ఫోనులలోనికి అది చేరజాలదు. ఆ సంరక్షణకు ప్రతిఫలం ముందే నిర్ణయించుకొనాలి.

ఈ రంగంలో మన విద్యార్థులకు ఇతరులకు లేని సంపద ఒకటున్నది. నాంపల్లి వీధులలో తెలుగు, ఉర్దూ ఫలకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. చేతిలోని యాప్‌లో మాత్రం తరచు ఆంగ్లమొక్కటే. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది, అందులోని అంకెలు మాత్రం ఎడమ నుండి కుడికి. ఇందుకు తగిన తెర అమరిక 2012లో ఆండ్రాయిడ్ 4.2తో సమకూరింది. తెలుగు ఒత్తులకు, గుడులకు తెరపై అదనపు ఎత్తు కావాలి. లేకున్న అక్షరం తెగిపోతుంది. ఈ దోషాలను ఒక్క చూపులో పట్టగలవాడు రెండు లిపులూ చదువగలవాడే. 1994లో ఇన్‌పేజ్ వచ్చి కాతిబుల కలాలకు పని తగ్గించినది నిజమే. అయినను తెరపై అక్షరం సరిగా కుదిరినదా లేదా అని తీర్పు చెప్పుటకు కాతిబు కన్నే కావలసివచ్చింది.

కళాశాల కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. ప్రయోగశాలకు జగదీశ్ మార్కెట్‌లో దొరికే నాలుగైదు పాత ఫోనులు కొని ఇవ్వండి. చవక ఫోనులో చక్కగా నడిచిన యాప్ చాలావరకు ఇతర ఫోనులలోనూ నడుస్తుంది. వాణిజ్యశాస్త్ర అధ్యాపకులచే ఒప్పందపత్ర రచనపై కొన్ని తరగతులు చెప్పించండి. మన గ్రంథాలయ పట్టికను, ప్రకటనలను రెండు భాషలలో చూపే యాప్‌ను మన విద్యార్థులకే, తగిన ప్రతిఫలంతో, వ్రాతపూర్వకంగా అప్పగించండి. 2023 నవంబరు తరువాత తెరచిన వ్యక్తిగత ఖాతా నుండి గూగుల్ ప్లేలో యాప్‌ను విడుదల చేయుటకు పన్నెండుగురు పద్నాలుగు దినాలు ఎడతెగక దానిని పరీక్షించాలి. అందుకు ఒక తరగతిలోని మిత్రులు చాలును.

విద్యార్థులారా! రేపు ఈ ఫోనూ పాతదగును. నేటి పుస్తకాలూ ఆబిడ్స్ కాలిబాటను చేరును. అప్పుడు మీ వెంట మిగులునవి ఆలోచించే అలవాటు, మాట నిలుపుకొనే గుణం, మీ రెండు భాషలు. వాటిని నేడే సంపాదించుకొనండి.