పిల్లల చేతికి కెమెరా ఇద్దాం: వారానికి ఒక్క పీరియడ్

గజపతినగరం మండల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, బడి కమిటీ సభ్యులకు విజ్ఞప్తి



2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ ఫోన్ల నిండా వీడియోలు వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారిన పోయే అమాయకుల్ని జనం పట్టుకుని కొట్టారు. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో, బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న బిడ్డను ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వాళ్లే వెనక్కి వచ్చి బిడ్డను దించి, జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. ఇలాంటి వీడియోలు రేపిన భయానికి దేశంలో ఎందరో బలైపోయారు.

పెద్దవాళ్లే నమ్మినప్పుడు పిల్లలెంత? వీడియోను కోయడం, అతకడం చేతితో నేర్చుకున్న పిల్ల మాత్రం ఏది చూసినా అడుగుతుంది: దీనికి ముందూ వెనకా ఏముంది? ఎవరు తీశారు? ఎందుకు తీశారు?

ఇంకో దెబ్బ మనకు ప్రత్యేకం. సినిమాల్లో, టీవీ కామెడీల్లో మన ఉత్తరాంధ్ర యాస ఎక్కువగా ఎవరి నోట వినబడుతోంది? పనివాడి నోట, అమాయకుడి నోట, నవ్వించడానికి. అదే చూస్తూ పెరిగిన మన పిల్లలు పై ఊరికి చదువుకెళ్తే నోరు విప్పడానికి జంకుతున్నారు. జనం మాట్లాడే తెలుగులో గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ఆడింది మన విజయనగరంలోనే. ఆ గడ్డ మీద పిల్లలకు సొంత మాట నామోషీ కావడాన్ని మనం సహించకూడదు.

పిల్లల ఫోను లాక్కుంటే ఈ రెండు సమస్యలూ తీరవు. ‘నాడు-నేడు’ పథకం కింద హైస్కూళ్లకు పెద్ద తెరలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులిచ్చారు. అన్నీ చూడటానికే. తీయడం నేర్పే పీరియడ్ ఏదీ?

అది సాధ్యమేనా అంటే, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ను చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, అక్షరం రానివాళ్లు సైతం, కెమెరా పట్టి సొంతంగా చిత్రాలు తీశారు. మనిషిని పైనుంచి కిందికి చూసే షాట్‌ను వాళ్లు ‘పటేల్ షాట్’ అన్నారు. కళ్లకు సమానంగా పెట్టి తీసేదాన్ని ‘సంఘం షాట్’ అన్నారు. కెమెరా ఎక్కడ పెడితే ఎవరు చిన్నబోతారో, ఎవరు నిలబడతారో వాళ్లకు తెలిసిపోయింది. కేరళ 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో హైస్కూళ్లలో విద్యార్థి క్లబ్బులు పెట్టి, ఇతర సాంకేతిక పనులతో పాటు వీడియో తీయడమూ నేర్పుతోంది.

మన బడిలో ఇలా మొదలుపెట్టవచ్చు. సంతలో కూరలమ్మే మామ్మను, ఆమె ఒప్పుకుంటే, ఒక జట్టు పైనుంచి తీసి ఏడుపు సంగీతం కలపాలి. ఇంకో జట్టు ఆమె ఎదుట కూర్చుని, బేరాల గోలతో సహా, ఆమె లెక్కలు చెప్పే తీరు తీయాలి. రెండూ పక్కపక్కన చూపిస్తే మొదటిది చూస్తే జాలి, రెండోది చూస్తే గౌరవం కలుగుతాయి. మామ్మ మాత్రం ఒక్కరే. ఈ తేడా కళ్లారా చూసిన పిల్లలకు వార్తైనా, ప్రకటనైనా, సినిమా అయినా ఎవరో ఎంచి కూర్చినదేనని ఎవరూ చెప్పనక్కర్లేదు.

చదువు పాడవుతుందని కొందరు భయపడుతున్నారు. రెండు నిమిషాల వీడియోకు ముందు మాటలు రాసుకోవాలి, ప్రశ్నలు తయారుచేసుకోవాలి, విన్నది సరిచూసుకోవాలి. తెలుగు, సాంఘిక శాస్త్రం అక్కడే వస్తాయి.

మేం కోరేవి ఇవి:

1. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు వారానికి ఒక పీరియడ్ వీడియో తయారీకి కేటాయించాలి. బడి పరికరాలూ, ఉపాధ్యాయుల ఫోనూ చాలు. పిల్లలకు కొత్త ఫోన్లు కొనవద్దు.

2. కెమెరా ఆడపిల్లలకూ మగపిల్లలకూ వంతులవారీగా అందాలి. వెనక బెంచీ వాళ్లను మరవకూడదు.

3. ఇంటి యాసలో మాట్లాడిన ఏ వీడియోనూ దిద్దమనకూడదు.

4. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏదీ యూట్యూబులో, వాట్సాప్‌లో పెట్టకూడదు. ఎవరినీ ఎగతాళి చేసే వీడియో తీయకూడదు.

5. ఏటా గురజాడ జయంతి, సెప్టెంబరు 21న, బడిలోనే ఊరందరికీ ప్రదర్శించాలి.

వచ్చే కమిటీ సమావేశంలో ఈ మాట మీరే ఎత్తండి. తీర్మానం రాయించి సంతకాలు పెట్టండి. మండల విద్యాశాఖాధికారికి కలిసికట్టుగా అందజేద్దాం.

ఇట్లు,
గజపతినగరం మండలంలోని కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు